భూలేఖ్యముల స్థానాంతరము - ప్రతిబింబ పద్ధతి

ఆబిడ్సునుండి నాంపల్లి రైలు స్టేషనునకు బోవు మార్గమున భూపరిపాలన ప్రధాన కమీషనరువారి కార్యాలయము గలదు. తెలంగాణమునందలి వ్యవసాయభూముల హక్కుల లెక్కలు ఈ శాఖ యధికారమునకు లోబడినవి. ఆ లెక్కలు కాలక్రమమున పలుమాఱులు తావు మార్చుకొనినవి. నిజాము ప్రభుత్వకాలపు సేత్వారులును, 1954-55 నాటి ఖాస్రా పహాణీయు, పిదపటి పహాణీలును కాగితములపై నుండెను. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ‘ధరణి’లో నవి విద్యుద్రూపమున నొక్కచోట గూడినవి. 2024వ సంవత్సరాంతమున ధరణి నిర్వహణము ప్రైవేటు సంస్థనుండి నేషనల్ ఇన్ఫర్మాటిక్సు సెంటరునకు మాఱెను. 2025 ఏప్రిలు 14న దాని స్థానమున ‘భూభారతి’ వచ్చెను. ఇట్టి డేటాబేసును, అనగా దత్తాంశనిధిని, పాత డిస్కునుండి క్రొత్త డిస్కునకు లోపము లేకుండ జేర్చు మార్గములలో నొకదానిని వివరించుట ఈ వ్యాసోద్దేశము.

తాళపత్రగ్రంథములతో బరిచయముగల వారికి ఇందలి చిక్కు సులభముగా బోధపడును. లేఖకుడు నలువదవ యాకు నెత్తి వ్రాయుచుండగా మఱియొకడు మాతృకయందలి పదవ యాకును దిద్దెనేని, ఆ దిద్దుబాటు ప్రతిలోనికి రాదు. భూలేఖ్యనిధి యందు క్రయవిక్రయములు, పౌతీ మార్పులు పగలెల్ల వ్రాయబడుచునేయుండును. లెక్కలను మూసి నకలు తీయుదమన్నచో రిజిస్ట్రేషనులు నిలిచిపోవును. తెఱచియుంచి తీయుదమన్నచో నకలు మాతృకతో సరిపడదు.

ఈ చిక్కును దీర్చునది ప్రతిబింబ పద్ధతి. దీనినే మిర్రరింగు అందురు. 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు బర్క్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు డిస్కుల కూర్పులను శ్రేణులుగా విభజించినపుడు దీనిని మొదటి శ్రేణిగా బేర్కొనిరి. క్రొత్త డిస్కును పాతదానికి జతచేయగానే యంత్రము రెండు పనుల నొక్కమాఱుగా నారంభించును. పాత వ్రాతను భాగభాగముగా దుదివఱకు క్రొత్తదానిపై కెక్కించుట యొకటి. ఆ నడుమ వచ్చు ప్రతి క్రొత్త వ్రాతను రెంటను నిలుపుట మఱియొకటి. రెంటను నిలిచిన పిదపనే వ్రాత ముగిసినట్లు డేటాబేసునకు దెలుపబడును. కావున ముందు జెప్పిన పదవ యాకు దిద్దుబాటు రెండు ప్రతులకును జేరును. ఈ సమీకరణము ముగియువఱకు చదువుట పాతదానినుండియే జరుగును.

ఆచరణమున క్రమము ముఖ్యము. మొదట జతకు వెలుపల నొక ప్రత్యేకమైన నకలు తీసి, దానినుండి నిధి తిరిగి లేచునో లేదో పరీక్షింపవలెను. పిమ్మట ఏది మాతృకయో ఏది ప్రతియో ఇద్దఱు చూచి నిర్ణయింపవలెను. దిక్కు తాఱుమాఱైనచో ఖాళీ డిస్కు నిండుడిస్కుపై కెక్కి సర్వమును దుడిచివేయును. పాతది తొలగినపుడు క్రొత్తది యొంటరి కాకుండుటకు రెండు క్రొత్త డిస్కులను జతచేయుట యుక్తము. సమీకరణము ముగిసిన పిదప కొన్నిదినములు అన్నింటిని గలిపి నడపి, వ్రాతలను సరిచూచి, డేటాబేసును కొంచెముసేపు మూసి పాతదానిని విడదీయవలెను. అట్లు విడదీసినది ఆ క్షణమునాటి సంపూర్ణ ప్రతి. ఆ మఱుక్షణమునుండి జరిగిన రిజిస్ట్రేషనులు దానియందుండవు. కావున వెనుకకు మరలవలసివచ్చినచో నవి పోకుండ తదనంతరపు వ్రాతల చిట్టాను వేఱుగా భద్రపఱుపవలెను.

ఇక ఈ పద్ధతికిగల హద్దును గుర్తింపవలెను. ఇది మక్కికి మక్కి దించు లేఖకుని వంటిది. అక్షరాకృతినేగాని యర్థమును జూడదు. గుమాస్తా రెండెకరముల పది గుంటలను రెండెకరముల గుంటగా నెక్కించెనేని, ఆ తప్పు తత్క్షణమే రెండు డిస్కులయందును సమముగా నిలుచును. ఒకడు పొరపాటున నొక గ్రామపు ఖాతాలను దుడిచినచో ప్రతిబింబమునను అవి తుడిచిపోవును. రెండు ప్రతులొక్కరీతి నుండుట నకలు సరియైనదనుటకే సాక్ష్యముగాని, వ్రాత సత్యమనుటకు గాదు. డిస్కు చెడుటనుండి ప్రతిబింబము కాపాడును. మనుష్యుని తప్పునుండి కాపాడునది నిన్నటి, మొన్నటి తేదీలతో వేఱుగా నిలిపిన నకలే.

గ్రంథపరిష్కర్తలు శుద్ధప్రతి చేతికి వచ్చినంతమాత్రమున మాతృకను పాఱవేయరు. అనుమానాస్పదమైన పాఠము వచ్చినపుడు దానినే చూతురు. భూలేఖ్యములయందును అదియే న్యాయము. తన తండ్రిపేర ఖాస్రాలోనున్న భూమి తెరమీద నితరుని పేర గనబడినదని రైతు వచ్చి యడిగినపుడు, క్రొత్త డిస్కు పాతదానితో సరిపోయినదనుట వానికి సమాధానము గాదు. ఆ పేరు ఏ మార్పునందు ప్రవేశించెనో చూపగల పూర్వప్రతి కావలెను. కావున స్థానాంతరము ముగిసినదని వ్రాయుటకు ముందు విడదీసిన డిస్కు, తేదీలుగల నకళ్లు, మూలమైన కాగితపు పహాణీలు, ఈ మూటిని భద్రపఱుచు బాధ్యత ఎవరిదో నిర్ణయించుట అవశ్యము.