జ్యుయెల్ ఆర్కిడ్డునకు తగిన మన్ను

మొక్కలను పూవులకొఱకు పెంచుట మన యిండ్లలో వాడుక. జ్యుయెల్ ఆర్కిడ్డులనుమాత్రము ఆకుల సొగసుకొఱకే పెంచుదురు. వానిలో పెంపకమునకు సులభమైనది లుడీసియా డిస్కలర్. దాని యాకు నల్లని మఖమలుపై రాగిజరీ నేసినట్లుండును.

మా స్నేహితురా లొకతె ఊరు విడిచి పోవుచు ఈ మొక్కను మాచేతిలో పెట్టి పోయినది. తులసికి మేలైనది దీనికిని మేలే యని తలచి, మేము కుండీలో తోటమన్నును పశువుల యెరువును నింపి, దినదినమును నీరు పోసితిమి. నెల తిరుగకముందే కాండము మొదట మెత్తబడి నల్లబాఱెను. ఆమెకు జాబు వ్రాయుటకు మాకు ముఖము చెల్లలేదు.

తప్పెక్కడ? దక్షిణచీనా, వియత్నాము, మయన్మారు, మలేషియా అడవులు ఈ మొక్కకు పుట్టినిల్లు. ఇది బదనికవలె చెట్లకొమ్మల నంటియుండక నేలపైననే ప్రాకును. ఐనను వేళ్లు లోతునకు దిగక, రాలి చివికిన యాకులనడుమనే యుండును. అచ్చట తడియు నుండును, గాలియు నాడుచుండును. తోటమన్ను తడిసి బిగిసినచో గాలి తొలగి వేళ్లు కుళ్లును. పెద్ద బెరడుముక్కలే నింపితిమా, తడి త్వరగా నాఱిపోవును. కావున తడిని నిలుపుచు గాలిని ఆపనిదే దీనికి తగిన మన్ను.

సన్నని బెరడుముక్కలు రెండుపాళ్లు, స్ఫాగ్నం నాచు ఒకపాలు, పెర్లైటు ఒకపాలు కలిపిన చాలును. బెరడు దొరకనిచో కొబ్బరిపీచు ముక్కలను వాడవచ్చును. కాని వానిలో ఉప్పుండును గనుక రెండుమూడుమార్లు నీరు మార్చి నానవేయవలెను. నాచును అదిమి కూరరాదు. కుండీ లోతు తక్కువగను, వెడల్పుగను, అడుగున రంధ్రములు గలదిగను ఉండవలెను. ప్రాకెడు కాండమును పూడ్చక పైననే యుంచవలెను. వ్రేలితో తాకిచూచి, పైభాగ మాఱుచున్నప్పుడే నీరు పోయవలెను. ఎండ సోకని వెలుతురు చాలును. ఏడాది రెండేండ్లలో ఈ మిశ్రమము చివికి మెత్తబడును, అప్పుడు మార్చవలెను.

మా మొక్క మొదలు పోయినను కొన మిగిలియుండెను. కుళ్లు లేని చోట, మూడు కణుపులుండునట్లు కోసి, తడినాచుపై పరుండబెట్టి గాజుపాత్ర మూసితిమి. కొన్నివారములకు కణుపున తెల్లనివేరు పొడమెను. పిదప రాగిగీతల చిన్నియాకు విప్పారెను. ఆదినమే స్నేహితురాలికి జాబు వ్రాసితిమి.

సోదరీమణులారా, మొక్కకు నీరు పోయుటకు ముందు దాని పుట్టినింటి నేల యెట్టిదో తెలిసికొనుడు. తెలియని ప్రేమ నీటికంటె త్వరగా వేరును కుళ్లించును.