చెయ్యెత్తే ఊరు

బోస్టన్ మారథాన్ 1924 నుంచీ మా పక్కూరు హాప్కింటన్‌లోనే మొదలవుతుంది. ఏప్రిల్‌లో ఆ ఒక్కపూటే టీవీలవాళ్లకి ఆ ఊరు గుర్తొస్తుంది. ఊరి సంగతులు తేలేది మాత్రం మే నెలలో, టౌన్ మీటింగ్‌లో.

అక్కడ మేయరు లేడు. ఓటరుగా నమోదైన ఎవరైనా బడి హాల్లో కూర్చుని రోడ్లు, ఫైరింజన్లు, లైబ్రరీ, బడుల ఖర్చు మీద నేరుగా ఓటేయొచ్చు. మన గ్రామసభ లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ సభ ఒప్పుకుంటేనే డబ్బు కదులుతుంది. మాసచూసెట్స్‌లో 1980లో వచ్చిన చట్టం ప్రకారం, కొత్త కట్టడాల లెక్క వదిలేస్తే, ఊరి ఆస్తిపన్ను మొత్తం ఏటా రెండున్నర శాతానికి మించి పెరగకూడదు. మించాలంటే బ్యాలట్ మీద జనాన్ని అడగాల్సిందే. పింఛను మీద బతికే పెద్దవాళ్లు వద్దంటారు, బడిపిల్లలున్నవాళ్లు కావాలంటారు. ఇద్దరి బాధా నిజమే.

బడుల కోసమే ఈ చుట్టుపక్కల ఇళ్లు కొన్న మనవాళ్లు చాలామంది ఇంకా గ్రీన్‌కార్డు వరసలో ఉన్నారు. పన్ను కడతారు, చెయ్యెత్తలేరు. సరే, పౌరసత్వం వచ్చినవాళ్లో? ఉగాదికి హాలు చాలదు గానీ, ఆ రాత్రికి మాత్రం అందరికీ పొద్దున్నే ఆఫీసుంటుంది!

ఓటు లేనివాళ్లు కూడా విడిగా కూర్చుని వినొచ్చు. అనుమతిస్తే మాట్లాడొచ్చు. హెచ్-1 మీదున్న మిత్రుడొకాయన ఈసారి వెళ్తానంటున్నాడు.