క్షేత్ర ప్రయోగాలలో యూఎస్‌బీ దత్తాంశ సేకరణ పరికరం: సంకేతాల అనుసంధానం, అమరిక

మల్చింగ్ చేసిన మడికీ, చేయని మడికీ మధ్య నేల ఉష్ణోగ్రతలో కనిపించే తేడా అనేక సందర్భాలలో కొద్ది డిగ్రీలు మాత్రమే. ప్రయోగ ఫలితం ఆ కొద్దిపాటి తేడాపైననే ఆధారపడి ఉంటుంది. సెన్సర్ ఇచ్చే వోల్టేజిని అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించే యూఎస్‌బీ పరికరాలు నేడు పరిశోధక విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి. అయితే అమరిక సరిగా లేకున్నను అంకెలు వస్తూనే ఉంటాయి. తప్పుడు అంకె కూడా సరైన అంకె వలెనే పట్టికలో చేరిపోతుంది. కనుక విత్తనం వేయక ముందే ఈ క్రింది అంశాలను సరిచూసుకొనుట అవసరం.

తీగల అనుసంధానం

వోల్టేజి అనగా రెండు బిందువుల మధ్య గల తేడా. సెన్సర్లన్నింటి వోల్టేజిని ఒకే ఉమ్మడి గ్రౌండుతో పోల్చి కొలుచుట ఒక పద్ధతి. ప్రతి సెన్సర్‌కు ధన, రుణ తీగలు రెండింటినీ విడిగా కలిపి వాటి మధ్య తేడాను కొలుచుట రెండవది; దీనిని డిఫరెన్షియల్ పద్ధతి అంటారు. ఉదాహరణకు, నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి యూఎస్‌బీ-6008లో మొదటి పద్ధతిన 8, రెండవ పద్ధతిన 4 ఛానెళ్లు లభిస్తాయి. ఛానెళ్లు తగ్గినప్పటికీ క్షేత్రంలో రెండవ పద్ధతియే మేలు. పంపుసెట్టు తీగల నుండి సోకే 50 హెర్ట్జ్ అలజడి జంట తీగలలో దాదాపు సమానంగా చేరుతుంది కనుక తేడా తీసినప్పుడు చాలావరకు తొలగిపోతుంది.

బ్యాటరీతో పనిచేస్తూ గ్రౌండుతో సంబంధం లేని సెన్సర్ విషయంలో రుణ తీగను 10 నుండి 100 కిలో ఓముల నిరోధకం ద్వారా పరికరపు గ్రౌండుకు కలపాలి. లేనిచో సంకేతం క్రమంగా జరిగి కొలత పరిధిని దాటిపోవచ్చు.

పరిధి ఎంపిక

12 బిట్ల పరికరం తన పరిధిని 4,096 మెట్లుగా విభజిస్తుంది. మైనస్ 10 నుండి ప్లస్ 10 వోల్టుల పరిధిలో ఒక్కొక్క మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. ఎల్‌ఎం35 సెన్సర్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. అనగా అర డిగ్రీకి లోపు తేడా కనబడదు. అదే పరిధిని మైనస్ 1 నుండి ప్లస్ 1 వోల్టుకు కుదించినచో మెట్టు 0.05 డిగ్రీకి తగ్గుతుంది. నేల 60 డిగ్రీలకు చేరినా సంకేతం 0.6 వోల్టులే కనుక ఈ పరిధి చాలును. టి-రకం థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 40 మైక్రోవోల్టులే ఇస్తుంది; దానిని నేరుగా కలిపినచో ఈ పరిధిలో సైతం ఒక మెట్టు 12 డిగ్రీలవుతుంది. కాబట్టి దానికి ఆంప్లిఫయర్ తప్పనిసరి.

నమూనాల వేగం

నేల ఉష్ణోగ్రత నెమ్మదిగా మారుతుంది. పది నిమిషాలకొక విలువ నమోదు చేసిన చాలును. కాని ఆ విలువ ఒకే నమూనా కారాదు. ఒక సెకనులో ఛానెలుకు 1,000 నమూనాలు తీసి సగటు కట్టినచో, ఆ సెకనులో 50 పూర్తి ఆవృత్తులు ఇమిడి విద్యుత్ అలజడి దాదాపు రద్దవుతుంది.

ఛానెళ్ల యాదృచ్ఛికీకరణ

ఏ తీగా కలపని ఛానెల్ సున్నా చూపదు. తరచుగా పొరుగు ఛానెల్ విలువనే అనుకరిస్తుంది. తెగిన తీగ కూడా ఈ విధంగా నమ్మదగిన అంకెను ఇవ్వగలదు. వాడని ఛానెళ్లను గ్రౌండుకు కలపాలి.

అంతకన్న ముఖ్యమైనది మరొకటి. మల్చింగ్ మడులన్నీ ఒక పరికరానికి, మిగిలినవి మరొక పరికరానికి కలిపినచో పరికరాల మధ్య గల తేడా ట్రీట్‌మెంట్ల తేడాగా భ్రమింపజేస్తుంది. పునరావృతాలు ఎన్ని పెంచినా ఈ దోషం తగ్గదు. మడులను యాదృచ్ఛికంగా కేటాయించినట్లే ఛానెళ్లను కూడా కేటాయించాలి. నీరు చొరకుండా మూసిన సెన్సర్లన్నింటినీ పాతే ముందు, పంట కోత తరువాత ఒకే బకెట్టు నీటిలో ఉంచి పాదరస థర్మామీటరుతో సరిపోల్చి, ఆ తేడాలను క్షేత్ర పుస్తకంలో నమోదు చేయాలి. ఆ పేజీ లేని దత్తాంశాన్ని గణాంక విశ్లేషణ ఏదీ సరిదిద్దజాలదు.