దవడ పన్ను వెనుక చోటెంత?

దానిమ్మ గింజల వంటి పలువరుసను మెచ్చుకోని వారుండరు. విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లల పళ్లకు క్లిప్పులు వేయించడం సర్వసాధారణమైంది, పెద్దలూ వేయించుకుంటున్నారు. పళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి, వరుసలో చోటు చాలనప్పుడు వైద్యులు చెప్పే మార్గాలలో రెండు ముఖ్యమైనవి. ఆరోగ్యంగా ఉన్న పళ్లనే కొన్నిటిని తీసివేయడం ఒకటి; దవడ పళ్లను వెనుకకు జరిపి ముందు చోటు కల్పించడం రెండవది. పన్ను పోకుండా పని జరుగుతుందంటే తల్లిదండ్రులు రెండవదానికే మొగ్గడం సహజం. అయితే కింది దవడలో వెనుక నిజంగా చోటున్నదా అన్నది ముందుగా తేలవలసిన ప్రశ్న.

పన్ను ఎలా కదులుతుంది?

పన్ను ఎముకలో మేకులా బిగిసి ఉండదు. వేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారపొర ఉంటుంది. తీగ పన్నును నెట్టినప్పుడు, ఒత్తిడి పడిన వైపు ఎముకను కరిగించే కణాలు, ఎదుటి వైపు ఎముకను కట్టే కణాలు పనికి పూనుకుంటాయి. ఆ విధంగా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఎముక లోపలి భాగం గుల్లగా ఉంటుంది కనుక వేరు అందులో సాగగలదు. పై పెంకు మాత్రం మిక్కిలి గట్టిది. వేరు దానిని తాకితే కదలిక మందగిస్తుంది. వేరు కొస అరిగిపోయే ప్రమాదమూ ఉన్నది.

చోటు ఎక్కడిది?

కింది దవడ గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. దాని రెండు చివరలా ఎముక కొమ్మవలె చెవి వైపుకు లేస్తుంది. బాల్యంలో ఈ కొమ్మ ముందంచు కరుగుతూ, వెనుక అంచున కొత్త ఎముక చేరుతూ ఉంటుంది. దవడ ఇలా వెనుకకు పెరుగుతుందని 18వ శతాబ్దంలోనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ గుర్తించాడు. అలా ఏర్పడిన చోటులోనే సుమారు 6వ ఏట మొదటి దవడ పన్ను, 12వ ఏట రెండవది, 17 దాటిన తరువాత జ్ఞానదంతం వస్తాయి. ఎదుగుదల ఆగిన పిమ్మట కొత్త చోటు పుట్టదు.

పక్కచిత్రం చూపనిది

1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ తలను పక్కనుండి కొలతకు అనువుగా తీసే ఎక్స్‌రే పద్ధతిని ప్రవేశపెట్టారు. చివరి పన్నుకూ కొమ్మ ముందంచుకూ గల దూరాన్ని ఆ చిత్రంలో కొలిచి, అదే ఖాళీ అని భావించేవారు. అయితే ఆ చిత్రం వెడల్పును చూపదు. 1990ల చివర వచ్చిన కోన్‌బీమ్ స్కాను ఎముకను మూడు కొలతలలోనూ చూపసాగింది. వెనుకకు పోయేకొద్దీ దవడ ఎముక బయటకు విచ్చుకుంటుంది. పలువరుస అంతగా విచ్చుకోదు. అందువలన చివరి పళ్ల వేళ్లు నాలుక వైపు పెంకుకు చేరువవుతాయి. పెరడు పొడవుగానే ఉన్నా, పక్కగోడ ఏటవాలుగా లోపలికి వస్తే మంచం చివరిదాకా జరగదు గదా!

జ్ఞానదంతాన్ని తీసివేస్తే వరుసలో చోటు దొరుకుతుంది. ఆ గోడ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. జపాన్‌లో సుగవారా బృందం ఎముకకు బిగించిన టైటానియం పలకల ఆధారంతో పెద్దవారి కింది దవడ పళ్లను వెనుకకు జరిపి, 2004లో ఫలితాలు ప్రకటించింది. మొదటి దవడ పన్ను పైభాగం సగటున 3.5 మిల్లీమీటర్లు జరుగగా, వేరు 1.8 మిల్లీమీటర్లే జరిగింది. పైకి కనిపించే కదలికలో సుమారు సగమే వేరుది!

అడగవలసిన ప్రశ్నలు

చికిత్సకు ఒప్పుకొనే ముందు తల్లిదండ్రులు మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఎన్ని మిల్లీమీటర్ల చోటు కావాలి? వేరు స్థాయిలో, నాలుక వైపు అంత ఎముక ఉన్నదా? జ్ఞానదంతాలను ఏమి చేస్తారు? స్కానులో కిరణాల మోతాదు మామూలు ఎక్స్‌రే కన్నా ఎక్కువ కనుక ప్రతి బిడ్డకూ అది అవసరం కాదు. కింది పళ్లను ఎక్కువ దూరం వెనుకకు జరపదలచినప్పుడు మాత్రం దాని అవసరాన్ని చర్చించడం మంచిది. ఎముకలో చోటు లేదని తేలితే పన్ను తీయించడం ఓటమి కాదు. చోటు ఉన్నదని తేలితే పన్ను నిలుస్తుంది. ఏ మార్గమైనా, కొలిచి చూసిన తరువాతనే నిర్ణయించుకోవడం శ్రేయస్కరం.