బొగ్గుతో గడ్డి కలిస్తే బాయిలర్‌కు ఏమవుతుంది?

వరి కోతలయ్యాక పంజాబ్, హర్యానాల్లో చాలాచోట్ల గడ్డిని పొలంలోనే తగలబెట్టేస్తారు. ఆ పొగ ఢిల్లీ దాకా పోతుంది. అదే గడ్డిని బాయిలర్‌లో కాలిస్తే? ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం 2017లో ఈ ప్రయోగమే చేసింది. పంట వ్యర్థాలను గట్టిగా నొక్కి చేసిన గుళికలను బొగ్గుతో కలిపి మండించింది.

లాభమేమిటి? వరి పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్న కార్బన్ డయాక్సైడే కాలినప్పుడు తిరిగి గాలిలో కలుస్తుంది. (గుళికల తయారీకి, లారీలకు అయ్యే ఇంధనం లెక్క వేరే!) గడ్డిలో గంధకం తక్కువ కనుక సల్ఫర్ డయాక్సైడూ కాస్త తగ్గుతుంది.

చిక్కంతా బూడిదతోనే. గడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. పొటాషియం సిలికాతో కలిస్తే బూడిద తక్కువ వేడికే కరిగి, బెల్లం పాకంలా గొట్టాలకు అంటుకుంటుంది. ఇక లోపలి నీటికి, ఆవిరికి వేడి సరిగా అందదు. క్లోరిన్ అంతకన్నా మొండిది. బాగా వేడెక్కే ఆవిరి గొట్టాల ఉక్కునే తినేస్తుంది.

బొగ్గును పొడి చేసే మిల్లులో మరో తంటా. బొగ్గు పెళుసు, ఇట్టే పొడి అవుతుంది. గడ్డి పీచు ఓ పట్టాన నలగదు. పైగా దానికి తొందరగా నిప్పంటుకుంటుంది.

అందుకే గడ్డి వాటా తక్కువగా ఉంచుతారు. కేంద్ర విద్యుత్ శాఖ 2021 విధానం చాలా కేంద్రాలకు 5 శాతంతో మొదలుపెట్టమంది. తమాషా ఏమిటంటే, ఇక్కడ బొగ్గే గడ్డికి సాయం చేస్తుంది. బొగ్గు బూడిదలోని అల్యూమినియం, సిలికా కలగలిసిన ఖనిజాలు పొటాషియంను పట్టేసుకుని, దాన్ని అంత తేలిగ్గా కరగని పదార్థంగా మార్చేస్తాయి.