తెరపై పెద్ద పదసూచికలు: వేగము, విశ్వసనీయత

కావ్య పదసూచికలు, నిఘంటు పట్టికలు నేడు కంప్యూటరు తెరపై వెబ్ పుటల రూపమునను లభించుచున్నవి. లక్ష వరుసల పట్టికను తెఱచి క్రిందికి జరుపబోయినప్పుడు పుట బిగుసుకొనిపోవుట, వరుసలు తొట్రుపడుచు కదలుట పలువురకు అనుభవసిద్ధమే. సమాచారము మిక్కుటమగుటయే ఇందులకు కారణమని సాధారణముగా చెప్పుదురు. మేము ఆ మాటతో ఏకీభవింపము. లక్ష ఆరోపములను జ్ఞాపకమున ఉంచుకొనుట నేటి కంప్యూటరునకు పెద్ద పని కాదు. వానినన్నిటిని ఒక్కమారుగా తెరకై సిద్ధపఱచుటయే అసలు బరువు.

వెబ్ పుటయందలి ప్రతి గడియు బ్రౌజరునకు ఒక ప్రత్యేక వస్తువు. లక్ష వరుసలకు, వరుసకు ఎనిమిదేసి గడుల చొప్పున, వరుసలతో కూడ లెక్కించినచో 9 లక్షల వస్తువులు ఏర్పడును. ప్రతిదానికిని రూపము నిర్ణయించి, వెడల్పును ఎత్తును గణించి, పిదప చిత్రింపవలయును. తెలుగు లిపి విషయమున మఱియొక శ్రమ కలదు. 'స్త్రీ' అను ఒక్క అక్షరము యూనికోడునందు ఆఱు సంకేతముల కూర్పు. ఏ వత్తు ఎచ్చట నిలుచునో అక్షరరూపముల ఫాంటు నియమములను బట్టి తేల్చిన గాని దాని కొలత తెలియదు. సామాన్యమైన తెర సెకనునకు 60 మారులు క్రొత్త చిత్రమును కోరును. ఒక్కొక్క చిత్రమునకు గడువు సుమారు 16.7 మిల్లీసెకనులు మాత్రమే. ఇంతేకాక, నిలువు వరుసల వెడల్పు ముందుగా నిర్ణయింపబడనిచో, ఎక్కడనో ఒక గడిలో పదము మాఱినను పట్టిక యంతయు మరల కొలువబడవచ్చును. వెడల్పులను ముందే స్థిరపఱచుట ఒకటి రెండు పంక్తుల మార్పు. మొదట చేయవలసినది ఇదియే. పెక్కుమంది మఱచునదియు ఇదియే.

ప్రధానమైన ఉపాయమును కిటికీ పద్ధతి యనవచ్చును. తాళపత్ర గ్రంథమును చదువువాడు ఆకులన్నిటిని నేలపై పఱచుకొనడు గదా. వరుస యెత్తు 36 పిక్సెళ్లు, తెర యెత్తు 900 పిక్సెళ్లు అనుకొందము. ఒక్కమారు కనబడునవి 25 వరుసలు. పైన పది, క్రింద పది అదనముగా ఉంచినను 45 వరుసలే, వస్తువులు 405. మొత్తము పట్టిక యెత్తు 36 లక్షల పిక్సెళ్లు గనుక, అంత యెత్తు గల శూన్యస్థలమును నిలిపి, అందు ఈ కొద్ది వరుసలను తగిన చోట అమర్చవలయును. పాఠకుడు 7,20,000 పిక్సెళ్లు దిగినచో 36చే భాగింపగా 20,000 వరుసలు దాటినట్లు తెలియును. 20,001వ వరుస మొదలు చూపిన చాలును. ఈ శూన్యస్థలమునకును అవధి కలదు. క్రోమ్ బ్రౌజరులో అది సుమారు 3 కోట్ల 35 లక్షల పిక్సెళ్లు, అనగా మన లెక్కకు తొమ్మిది లక్షల పైచిలుకు వరుసలు. పదసూచికలు అంతవఱకు పోవుట అరుదు.

చిక్కు వేఱొకచోట నున్నది. నిఘంటువున ఒక పదమునకు అర్థము ఒక పంక్తి, మఱియొకదానికి పది పంక్తులు. ఎత్తులు సమానము కానప్పుడు భాగహారము పనికిరాదు. మొదట అంచనాతో మొదలిడి, కనబడిన వరుసలను కొలిచి సవరించుచు, ఎత్తుల సంకలితములను నిలుపుకొనవలయును. ఒక్క యెత్తు మాఱినచో తరువాతి సంకలితములన్నియు మాఱును. 1994లో పీటర్ ఫెన్విక్ ప్రకటించిన వృక్షరచనను వాడినచో, లక్ష వరుసలలో సవరణ గాని అన్వేషణ గాని 17 మెట్లకు మించదు. అయితే కొలుచుటను, వ్రాయుటను కలగలుపరాదు. ఒక వరుసను కొలిచి, ఒకదానిని మార్చి, మరల కొలిచినచో బ్రౌజరు ప్రతి మారును లెక్కను పునః ప్రారంభించును. కొలతలన్నియు ముందు, మార్పులన్నియు పిదప జరుపవలయును.

ఇక మా ముఖ్యమైన ఆక్షేపణ. కిటికీ పద్ధతిలో కనబడని వరుసలు పుటయందు లేనే లేవు. పరిశోధక విద్యార్థి బ్రౌజరు వెదకు సౌకర్యముతో ఒక పదమునకై గాలించినచో, అది ఆ 45 వరుసలను మాత్రమే చూచి 'లేదు' అని చెప్పును. ఆ కవి ఆ పదమును ప్రయోగింపలేదని అతడు సిద్ధాంతవ్యాసమున వ్రాసికొనును! నిదానముగా కదలు పట్టిక విసుగు పుట్టించును గాని ఇట్టి అసత్యము పలుకదు. కావున కిటికీ పద్ధతి నవలంబించువారు మూల సమాచారమునందే వెదకు ప్రత్యేక సౌకర్యమును తప్పక కూర్పవలయును. అందొక లాభమును కలదు: అరసున్న ఉన్నను లేకున్నను, శకటరేఫమునకు బదులు సాధురేఫమున్నను పదము దొరకునట్లు చేయవచ్చును. అట్లే, పుటను చదివి వినిపించు సాధనములను వాడు అంధ పాఠకులకై, మొత్తము వరుసలెన్ని, ఇది ఎన్నవది అను సంఖ్యలను పుటలో తెలుపవలయును. లేనిచో వారికి లక్ష వరుసల సూచిక 45 వరుసలదిగా తోచును.

కొన్ని వేల వరుసల పట్టికలకు మఱియొక మార్గము మేలని మా తలంపు. కనబడని భాగమును పుటయందే ఉంచి, దాని కొలతను చిత్రణమును మాత్రము వాయిదా వేయుమని బ్రౌజరును కోరు శైలీధర్మము 2020లో క్రోమునందు ప్రవేశించినది. 2024 నాటికి ఫైర్‌ఫాక్సు, సఫారీలయందును చేరినది. ఇట్లు వాయిదా పడిన భాగము వెదకు సౌకర్యమునకు అందుబాటులోనే ఉండవలయునని ప్రమాణము విధించుచున్నది. కాని ఈ ధర్మము పట్టిక లోపలి వరుసలకు వర్తింపదు. అందుచేత అకారాది క్రమమున ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క ఖండముగా సూచికను విభజించి, ప్రతి ఖండమునందును వేఱు పట్టిక నుంచి, ఆ ఖండమునకు ఈ ధర్మమును, అంచనా యెత్తును జతపఱుపవలయును. అకార, పకారముల వంటి పెద్ద ఖండములను మరల రెండవ అక్షరమును బట్టి విభజించుట అవసరమగును.