‘ఎంత’కు ‘అంత’: ఒక ఇంగ్లీషు వాక్య నిర్మాణము

ఇంగ్లీషు వాచకములలోనే గాక, ఇంగ్లీషులో వ్రాసిన భౌతిక రసాయన శాస్త్ర పుస్తకములలో కూడ ఒక తీరు వాక్యము తరచుగా ఎదురవుతుంది. ‘ది హయ్యర్ వి గో, ది కూలర్ ఇట్ బికమ్స్’ అన్నది దానికొక మచ్చు. పైకి పోయేకొద్దీ చల్లబడుతుందని భావము. ఇంతవరకు చిక్కు లేదు. నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా పదవ తరగతి విద్యార్థి ఈ అర్థమును ఇట్టే చెప్పగలడు. అతడు తడబడేది మరొక చోట. ‘ది’ అనేది ఆర్టికిల్ అనీ, అది నామవాచకమునకు ముందు వస్తుందనీ అతడు చిన్న తరగతులలోనే నేర్చుకున్నాడు. ఇక్కడ ‘హయ్యర్’ నామవాచకము కాదు, ‘కూలర్’ కూడ కాదు. మరి ఈ ‘ది’కి ఇక్కడేమి పని?

ప్రశ్న న్యాయమైనది. ‘అది వాళ్ల వాడుక, అట్లాగే వల్లెవేయి’ అనటము కంటె మంచి సమాధానము దీనికి ఉన్నది. ఈ ‘ది’ అసలు ఆర్టికిల్ కానే కాదు.

సుమారు వెయ్యేండ్ల క్రిందటి ఇంగ్లీషులో నామములకు, సర్వనామములకు మన భాషలలో వలెనే విభక్తి రూపములు ఉండేవి. ‘అది’ అనే అర్థమిచ్చే సర్వనామమునకు తృతీయా విభక్తి వంటి రూపమొకటి ఉండేది. పెదవులు గుండ్రముగా చుట్టి ‘థీ’ అన్నట్లు దానిని పలికేవారు. ‘దానిచేత’, ‘అంత మేరకు’ అని దాని అర్థము. కాలక్రమమున విభక్తులు రాలిపోయినవి. ఈ రూపము అరిగి అరిగి ఆర్టికిల్‌తో ఒకే పలుకుగా, ఒకే వ్రాతగా మారిపోయింది. అర్థము మాత్రము పాతదే మిగిలింది. కనుక పై వాక్యమును ‘ఎంత మేరకు ఎత్తుకు పోతామో, అంత మేరకు చల్లబడుతుంది’ అని విప్పుకోవాలి. మొదటి ‘ది’ మన ‘ఎంత’, రెండవ ‘ది’ మన ‘అంత’. ‘నెవర్‌దిలెస్’ అనే మాట నడుమ ఇరుక్కొని ఉన్నది కూడ ఈ పాత ‘ది’యే.

రెండు రకముల ‘ది’లు ఒకే వాక్యములో పక్కపక్కన కూర్చోవచ్చు. ‘ది డీపర్ వి డిగ్ ది వెల్, ది హార్డర్ ది రాక్.’ బావి లోతుకు తవ్వేకొద్దీ రాయి గట్టిపడుతుంది. ఇందులో వెల్, రాక్ అనే నామవాచకములకు ముందున్నవి ఆర్టికిల్స్. డీపర్, హార్డర్‌లకు ముందున్నవి కొలతను తెలిపే పాత సర్వనామములు. తరగతిలో ఈ ఒక్క వాక్యమును నల్లబల్ల మీద వ్రాసి, ఏ ‘ది’ ఏ జాతిదో పిల్లల చేతనే గుర్తింపజేస్తే సందేహము తీరిపోతుంది.

ఒక కొలతను మరొక కొలతకు జతచేసే ఇటువంటి ఏర్పాటు అనేక భాషలలో ఉన్నది. సంస్కృతములో ‘యావత్–తావత్’ అనే జంట ఉన్నది. మన ప్రాచీన గణితజ్ఞులు బీజగణితములో తెలియని రాశికి పెట్టుకున్న పేరు ‘యావత్తావత్’ అనే. 1150లో సిద్ధాంత శిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు కూడ ఈ మాటనే వాడినాడు. నేడు మనము ‘ఎక్స్’ అని వ్రాసే చోట వారు దాని మొదటి అక్షరమైన ‘యా’ వ్రాసేవారు. ఎంతైతే అంత! తెలియని రాశికి ఇంతకంటె తగిన పేరు దొరకటము కష్టము.

తెలుగులో ఈ పని రెండు విధముల సాగుతుంది. ఒకటి ‘ఎంత తవ్వితే అంత’ అనే తీరు. రెండవది ‘తవ్వేకొద్దీ’ అనే తీరు. ఈ ‘కొద్దీ’ పూర్వరూపము ‘కొలది’. కొలుచు అనే క్రియకు చుట్టము. అంటే చదువురాని రైతు నోట వచ్చే ‘తవ్వేకొద్దీ’లో కూడ కొలత దాగి ఉన్నదన్నమాట.

ఐతే తెలుగు అలవాటును ఇంగ్లీషులోనికి తెచ్చుకుంటే ఇబ్బంది కలుగుతుంది. ‘హౌ మచ్ యు రీడ్, దట్ మచ్ యు లెర్న్’ అని వ్రాసే విద్యార్థి ‘ఎంత చదివితే అంత’ను మాటకు మాట దించినాడు. ఇంగ్లీషులో ‘ఎంత’కు, ‘అంత’కు వేరువేరు మాటలు లేవు. రెండు చోట్లా ‘ది’యే వస్తుంది, దాని వెంట తారతమ్య రూపము వస్తుంది. ఆ రూపము కూడ ఒక్కటే ఉండాలి. ‘మోర్ హాటర్’ అనరాదు. మరొక భేదము ముఖ్యమైనది. తెలుగులో ‘రాయి అంత గట్టిగా ఉంటుంది’ అన్నప్పుడు ‘గట్టిగా’ అనే మాట తన చోటనే ఉన్నది. ఇంగ్లీషులో తారతమ్య పదము తన స్థానము వదలి ఉపవాక్యము మొదటికి రావాలి. భవిష్యత్తును చెప్పేటప్పుడు మొదటి సగములో ‘విల్’ అక్కర లేదు. తెలుగులో ‘తవ్వితే’కు కాలము లేనట్లే దానికీ లేదు. క్రియ లేకుండ ‘ది సూనర్, ది బెటర్’ అని సరిపెట్టటము మాత్రము తెలుగుకు చేతకాదు. ‘ఎంత త్వరగా అయితే అంత మంచిది’ అని ఒక ‘అయితే’ను తెచ్చుకోవలసిందే.

తారతమ్య పదము ముందుకు వచ్చేటప్పుడు దేనిని వెంటబెట్టుకొని వస్తుందన్నది వ్యాకరణము మాత్రమే అనుకుంటే పొరపాటు. అందులో రసాయనము కూడ ఉన్నది. జగ్గయ్యపేట పరిసరములలో సున్నపురాయి విరివిగా ఉన్నది; అక్కడ సిమెంటు కర్మాగారములు వెలసినది అందువల్లనే. ఈ రెండు వాక్యములు చూడండి. ‘ది మోర్ లైమ్‌స్టోన్ వి బర్న్, ది మోర్ లైమ్ వి గెట్.’ ‘ది మోర్ వి బర్న్ లైమ్‌స్టోన్, ది మోర్ లైమ్ వి గెట్.’ మొదటి దానిలో ‘మోర్’ లైమ్‌స్టోన్‌ను వెంటబెట్టుకొని వచ్చింది. కనుక అది రాతి పరిమాణమును చెబుతున్నది. రెండవ దానిలో ‘మోర్’ ఒంటరిగా వచ్చింది. అది కాల్చటములోని తీవ్రతను చెబుతున్నది. వ్యాకరణరీత్యా రెండూ ఒప్పే. శాస్త్రరీత్యా మొదటిదే ఒప్పు.

శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలితే 56 కిలోల సున్నము మిగులుతుంది; 44 కిలోల బొగ్గుపులుసు వాయువు పోతుంది. 200 కిలోలు కాలిస్తే 112 కిలోలు. ఇది నిజమైన అనుపాతము. కాని ఆ 100 కిలోలనే ఇంకా ఎక్కువ వేడిలో, ఇంకా ఎక్కువసేపు ఉంచితే 56 కిలోలు 57 కావు. సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద రాయి విడిపోతుంది. వేడి పెంచితే ఆ పని వేగముగా జరుగుతుంది, అంతే. పైగా అతిగా కాలిన సున్నము నీళ్లు పోసినప్పుడు వెంటనే పొంగి పిండి కాదు. తెలుగులో ‘సున్నపురాయిని ఎంత కాలిస్తే అంత సున్నము’ అన్నప్పుడు ఈ రెండు అర్థములూ కలగాపులగమవుతాయి. ‘ఎంత రాయిని’ అనాలి, లేదా ‘ఎంతసేపు’ అనాలి.

వాక్యము సరిగా కుదిరినా మరొక సంగతి మిగిలి ఉంటుంది. ఈ నిర్మాణము దిక్కును చెబుతుంది, లెక్కను చెప్పదు. జగ్గయ్యపేట నుండి నందిగామకు హైదరాబాదు–విజయవాడ రహదారి మీద ఒక బస్సు పోతున్నదనుకుందాము. దూరము 30 కిలోమీటర్లని లెక్కకు తీసుకుందాము. ‘ది ఫాస్టర్ ది బస్ గోస్, ది సూనర్ ఇట్ రీచెస్.’ గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోతే 60 నిమిషములు, 60తో పోతే 30 నిమిషములు, 90తో పోతే 20 నిమిషములు పడుతుంది. మొదట పెంచిన ముప్పైకి 30 నిమిషములు కలిసివచ్చినవి. తరువాత పెంచిన ముప్పైకి కలిసివచ్చినవి పది మాత్రమే. ఇప్పుడు ఇదే అచ్చులో పోసిన మరొక వాక్యము: ‘ది ఫాస్టర్ ది బస్ గోస్, ది ఫార్దర్ ఇట్ రన్స్ బిఫోర్ స్టాపింగ్.’ బ్రేకు వేసిన తరువాత వేగము ప్రతి సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, 30 వేగములో బస్సు సుమారు 7 మీటర్లు సాగి ఆగుతుంది; 60లో 28 మీటర్లు; 90లో 62 మీటర్లకు పైగా. వేగము మూడింతలైతే ఆగే దూరము తొమ్మిదింతలు. డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేలోపల సాగే దూరము ఇందులో కలపలేదు. రెండు వాక్యములకు రూపము ఒకటే. ఒకటి విలోమానుపాతమును దాచుకున్నది, రెండవది వర్గమును దాచుకున్నది. పది నిమిషముల లాభము, ముప్పై నాలుగు మీటర్ల ప్రమాదము వినటానికి ఒకే విధముగా ఉంటాయి.

దిక్కు కూడ ఎల్లకాలము నిలవదు. మొదట చెప్పిన ‘పైకి పోయేకొద్దీ చల్లదనము’ మన ప్రాంతములో సుమారు 16, 17 కిలోమీటర్ల ఎత్తు వరకే నిజము. ఆ పైన మళ్లీ వెచ్చబడటము మొదలవుతుంది.

2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్టప్రాంతములో పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. ‘ఎంత యూరియా వేస్తే అంత పంట’ అనే మాట ఇక్కడి చేలలోనూ వినబడుతుంది. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు. చేనులో నత్రజని కొరత ఉన్నంతవరకు ఆ మాట చెల్లుతుంది. మొక్కకు తక్కువైనది నీరో, భాస్వరమో అయినప్పుడు నత్రజని పెంచి ప్రయోజనము లేదని 19వ శతాబ్దములోనే జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారము చేసినాడు. ఇంకా పోస్తే పత్తిచెట్టు ఆకు మీద ఆకు వేసి ఏపుగా పెరుగుతుంది. కాయ పక్వానికి రావటము ఆలస్యమవుతుంది. రసము పీల్చే పురుగులు చేరుతాయి. అప్పుడు అదే వాక్యమును ‘ది మోర్ యూరియా, ది లెస్ కాటన్’ అని తిప్పి వ్రాయవలసి వస్తుంది.